నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ఫోర్‌కాస్ట్: "ఆరెంజే కదా" అని పేజీ మూసేసేవాళ్ళకు

శీతాకాలం శనివారాల్లో అమెరికాలో సియాటెల్ పక్కనున్న బెల్వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ నుంచి ఐ-90 హైవే ఎక్కి స్నోక్వాల్మీ పాస్ (కనుమ) వైపు వెళ్ళే కార్లలో తెలుగు వినిపించేవి తక్కువేం కాదు. అద్దె స్నోషూలు, ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర అన్నీ సర్దుకుంటారు. కొండ మీది మంచు జారే ప్రమాదాన్ని ముందే చెప్పే ఎన్‌వాక్ పేజీ చూశారా అంటే మాత్రం "ఆఁ చూశాం, ఆరెంజే ఉంది, రెడ్ కాదులే" అంటారు. ఈ సమీక్ష ఆ జవాబు గురించే. సేవ చాలా మంచిది. దాన్ని చదివే పద్ధతిలోనే తేడా ఉంది. ఆ తేడాలో కొంత తప్పు పేజీదీ ఉంది.

ముందు మాటల సంగతి. ఆకాశం నుంచి మంచు కురిసినా మన పత్రికల్లో హిమపాతమే, కొండవాలు మీది మంచు విరిగి కిందికి దూసుకొచ్చినా హిమపాతమే. ఈ రెండోదాన్ని, అంటే ఇంగ్లీషు అవలాంచ్‌ను, ఇక్కడ కొండచరియ వరసలో మంచుచరియ అంటున్నాం. మిగతా పదాలను ఎన్‌వాక్ పేజీలో ఉన్నవి ఉన్నట్టే వాడాం. ఫోన్ తెరిస్తే మీకు ఎదురయ్యేవి అవే మరి.

ఎన్‌వాక్ అంటే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్. అమెరికా అటవీ శాఖ, ఒక లాభాపేక్ష లేని సంస్థ కలిసి దీన్ని నడుపుతాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని కాస్కేడ్, ఒలింపిక్ పర్వతాలను, ఒరెగన్‌లోని మౌంట్ హుడ్‌ను కలిపి పది జోన్లుగా విడగొట్టారు. సీజన్‌లో, అంటే సుమారుగా నవంబరు చివర్నుంచి ఏప్రిల్ మధ్య దాకా, మర్నాటి ఫోర్‌కాస్ట్ ముందురోజు సాయంత్రం 6 గంటల ప్రాంతంలో పెడతారు. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. స్నోక్వాల్మీ పాస్‌దీ స్టీవెన్స్ పాస్‌దీ వేర్వేరు జోన్లు. ఆర్టిస్ట్ పాయింట్ వెస్ట్ స్లోప్స్ నార్త్ కిందికి, మౌంట్ రేనియర్‌లోని పారడైజ్ వెస్ట్ స్లోప్స్ సౌత్ కిందికి వస్తాయి. లెవెన్‌వర్త్ వైపు కొండలైతే ఈస్ట్ స్లోప్స్ సెంట్రల్. తప్పు జోన్ చూడటం మొదటి పొరపాటు. పాస్ దాటి తూర్పుకు దిగితే మంచు పొరల తీరే మారిపోతుంది.

ఇక రంగు. ఐదు అంచెలు: ఆకుపచ్చ లో, పసుపు మోడరేట్, ఆరెంజ్ కన్సిడరబుల్, ఎరుపు హై, నలుపు ఎక్స్‌ట్రీమ్. అయిదింటిలో మూడోది కాబట్టి కన్సిడరబుల్ అంటే నడిమధ్య ప్రమాదం అనుకుంటారు. దాని నిర్వచనం చదవండి: మంచుచరియలు వాటంతట అవి విరగొచ్చు, మనిషి అడుగు పడితే విరిగే అవకాశం ఎక్కువ. అంటే తగిన వాలు మీద కాలు పెడితే అది జారుతుందనే అనుకోవాలి. మోడరేట్‌లో వాటంతట అవి విరగడం అరుదు, మనిషి వల్ల విరగొచ్చు. హైలో వాటంతట అవే విరిగే అవకాశం ఎక్కువ, మనిషి వల్ల మరీ ఎక్కువ. చావులు ఎక్కువగా నమోదయ్యేది ఎరుపు రోజుల్లో కాదు, ఈ ఆరెంజ్ రోజుల్లోనే. ఎరుపు చూసి జనం ఇంట్లో కూర్చుంటారు, ఆరెంజ్ చూసి సర్దుకుని వెళతారు. ఆ పదాన్ని ఎంచుకున్నవాళ్ళు మన మనస్తత్వాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇంగ్లీషులో పుట్టిపెరిగినవాళ్ళకే కన్సిడరబుల్ ఎంత తీవ్రమో చటుక్కున తట్టదు, మనకేం తడుతుంది.

ఎరుపు చూశాక కూడా వెళ్ళినవాళ్ళున్నారు. 2012 ఫిబ్రవరి 19న స్టీవెన్స్ పాస్ పక్కన టన్నెల్ క్రీక్‌లో దిగిన 16 మందీ అనుభవమున్న స్కీయర్లు, స్నోబోర్డర్లు. ముగ్గురు చనిపోయారు. ఆ రోజు ఫోర్‌కాస్ట్ 5000 అడుగుల పైన హై, కింద కన్సిడరబుల్ అనే చెప్పింది. అక్కడ సమాచారానికి లోటు లేదు.

రంగు ఒక్కటే కాకుండా మూడు ఎత్తులకు మూడు రంగులు ఇస్తారు: చెట్ల గీత (అది దాటితే చెట్లు పెరగవు) పైన, దాని చుట్టుపక్కల, దాని కింద. మన ట్రయిల్ మొదలయ్యే చోటి రంగు చూసుకుని బయల్దేరడం ఇంకో పొరపాటు. ఐ-90 మీద ఎగ్జిట్ 47 దగ్గరి గ్రానైట్ మౌంటెన్ చూడండి. ట్రయిల్ సుమారు 1900 అడుగుల దగ్గర మొదలవుతుంది. అక్కడ చాలా రోజులు మంచే ఉండదు, నాచు పట్టిన చెట్లు, తడి మట్టి. శిఖరం 5629 అడుగులు. వేసవి దారి దక్షిణం వైపు పెద్ద గాడిని అడ్డంగా దాటుతుంది. పైన పట్టిన మంచు జారితే నేరుగా వచ్చేది ఆ గాడిలోకే. పాదాల కింద మట్టి కనిపిస్తుంటే ఎవరికీ అనుమానం రాదు, తలపైన 3000 అడుగుల ఎత్తులో ఎండ తగిలిన వాలు ఉందని. మూడు పట్టీల్లో మీరు చూడాల్సింది మీరు నడిచే ఎత్తు కాదు, మీ తలపైన ఉన్న వాలు ఎత్తు.

పేజీలో అసలు విలువంతా ఉన్నది రంగు కింద, "అవలాంచ్ ప్రాబ్లమ్" అన్న భాగంలో. చాలామంది అక్కడిదాకా స్క్రోల్ చెయ్యరు. ప్రమాదం ఎంతో రంగు చెబుతుంది. అది ఏ రకమో, ఎక్కడుందో, ఎన్నాళ్ళుంటుందో ఈ భాగం చెబుతుంది. వీటిలో ఎక్కువ రకాలు స్లాబ్ అనే మాట చుట్టూ తిరుగుతాయి కాబట్టి అదేమిటో తెలిసుండాలి.

గచ్చు మీద పలచగా పొడి ఇసుక చల్లి, దానిమీద నాపరాయి పరిచారనుకోండి. గచ్చు చదునుగా ఉన్నన్నాళ్ళూ రాయి కదలదు. గచ్చును 35 డిగ్రీలు వంచితే రాయి ఇసుక మీద జారుతుంది. మంచులో ఆ నాపరాయి స్లాబ్, ఆ ఇసుక బలహీనమైన పొర. పైపొర గట్టిగా, కిందిపొర బలహీనంగా ఉన్న చోట మనిషి బరువు పడితే కింది పొర నలుగుతుంది. ఆ నలుగుడు పక్కలకు పాకుతుంది. కంటిరెప్పపాటులో పలక మొత్తం తెగుతుంది. తెగే గీత మనిషికి పైన ఉంటుంది, మనిషి పలక మధ్యలో ఉంటాడు. పక్కకు గెంతి తప్పించుకోవడం సినిమాల్లోనే.

కాస్కేడ్లలో ఎక్కువగా కనిపించేది స్టార్మ్ స్లాబ్. తుఫానులో పడ్డ కొత్త మంచే ఇక్కడ పలక. పడమటి వాలుల్లో సముద్రపు తేమ వల్ల మంచు బరువుగా పడుతుంది, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది కూడా. అందుకే శుక్రవారం తుఫాను, శనివారం ఎండ అన్న వారాంతమే అన్నిటికంటే చెడ్డది. ఫొటోలకు అన్నిటికంటే బాగుండేది కూడా అదే.

విండ్ స్లాబ్‌కు కొత్త మంచు కురవనక్కర్లేదు. గంటకు 15 నుంచి 30 మైళ్ళ గాలి చాలు. ఒక పక్క వదులుగా ఉన్న మంచును ఎత్తుకెళ్ళి శిఖరం అవతల గాలి తగలని పక్కన పేరుస్తుంది. ఆకాశం నుంచి మంచు పడే వేగం కంటే గాలి పేర్చే వేగం చాలా రెట్లు ఎక్కువ. చేత్తో తడితే డప్పులా బోలుగా మోగే మంచు, తలగడలా ఉబ్బిన వాలు దాని గుర్తులు.

పెర్సిస్టెంట్ స్లాబ్ అన్న మాట కనిపిస్తే కొంచెం నిదానించండి. నిర్మలంగా, గాలి లేకుండా, చలిగా ఉన్న రాత్రి మంచు పైన ఈకల్లాంటి స్ఫటికాలు మొలుస్తాయి. కారు అద్దం మీద తెల్లారేసరికి పేరుకునే పూత లాంటివే, కాకపోతే నిలువుగా పెరుగుతాయి. లేదా పలచటి మంచు పొరలో పంచదార పలుకుల్లాంటి గరుకు గింజలు తయారవుతాయి. వాటిమీద తర్వాతి తుఫాను మంచు పడితే ఆ పొర లోపల వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. పైన అంతా మామూలుగా కనిపిస్తుంది. పదిమంది దాటిన వాలును పదకొండో మనిషి విరిచేది ఈ రకంలోనే. కింద చదునులో నడుస్తున్న మనిషి పై వాలును విరిచేదీ ఇదే. తూర్పు జోన్లలో మంచు పలచన, చలి ఎక్కువ కాబట్టి అక్కడ ఇది తరచుగా కనిపిస్తుంది. పడమట వచ్చినప్పుడు జనం ఇంకా ఎక్కువ మోసపోతారు, ఇక్కడి మంచు రెండ్రోజుల్లో సర్దుకుంటుందన్న అలవాటు వల్ల.

వెట్ లూజ్, అంటే తడిసి వదులైన మంచు జారడం, వసంతంలో, ఎండ వాలుల మీద. ఒక చుక్క దగ్గర మొదలై విసనకర్రలా విచ్చుకుంటూ దిగుతుంది. వాలు మీద చిన్న చిన్న మంచు ఉండలు వాటంతట అవే దొర్లుతుంటే, బూటు చీలమండ దాటి బురద మంచులో దిగుతుంటే వెనక్కి తిరగాల్సిన టైమ్ అయింది, మధ్యాహ్నం దాకా చూడొద్దు. కార్నిస్ అంటే శిఖరం అంచున గాలి కట్టిన మంచు చూరు. మీరు అంచు అనుకుని నిలబడేది నిజంగా చూరు మీద కావచ్చు, అది విరిగితే మీరనుకున్న దానికంటే వెనక్కే విరుగుతుంది. వెట్ స్లాబ్ (తడిసిన పలక), గ్లైడ్ (మంచు మొత్తం నేల మీంచి జారడం) తక్కువగా కనిపిస్తాయి. గ్లైడ్ ఎప్పుడు జారుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి పగులు కనిపించిన వాలు కిందికి పోకపోవడమే దానికి మందు.

ప్రతి ప్రాబ్లమ్ పక్కనా ఒక దిక్కుల చక్రం ఉంటుంది. ఎనిమిది దిక్కులు, మూడు వలయాలు. కొండను పైనుంచి చూసినట్టు గీశారు, కాబట్టి లోపలి వలయమే ఎత్తైన చోటు, బయటిది కింది చోటు. దీన్ని తలకిందులుగా చదివేవాళ్ళు ఎంతమందో. ఇంకో చిక్కు: చక్రంలో తూర్పు అంటే తూర్పుకు ముఖం పెట్టిన వాలు. గాలి విషయంలో మాత్రం పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేది, మన ఊళ్ళలో అనుకున్నట్టే. అందుకే పడమటి గాలి వీచిన రోజు చక్రంలో తూర్పు ముక్కలు నిండుగా కనిపిస్తాయి. ఈ రెండూ కలిపి చదవడం వస్తే పేజీలో సగం అర్థమైనట్టే.

చక్రం పక్కన అవకాశం, సైజు. సైజు 1 మనిషిని మామూలుగా పాతిపెట్టదు, కానీ బండరాళ్ళ మీదికో వాగులోకో నెట్టొచ్చు. సైజు 2 మనిషిని పాతిపెట్టగలదు, చంపగలదు. సైజు 3 కారును పాతేసి నలిపేస్తుంది, చెక్క ఇంటిని కూల్చేస్తుంది. "సైజు 2 అంటే చిన్నదే" అన్న మాట వినిపిస్తే ఆపండి. ఆ అంకెలు వరసగా ఒకటీ రెండూ మూడూ కావు. ఒక్కో అంకెకు బరువు సుమారు పది రెట్లు పెరుగుతుంది: సైజు 2 వంద టన్నులైతే సైజు 3 వెయ్యి.

ఎన్‌వాక్‌ను మిగతా చోట్ల సేవల కంటే ఒక మెట్టు పైన నిలబెట్టేది, మన సాఫ్ట్‌వేర్ జనానికి ఎక్కువ నచ్చాల్సింది, టెలిమెట్రీ. కొండల మీది వాతావరణ కేంద్రాల లెక్కలు గంటగంటకూ పట్టికలో వస్తాయి: ఉష్ణోగ్రత, గాలి సగటు, గరిష్ఠం, దిక్కు, గంటలో పడ్డ నీరు (కురిసిన మంచు కరిగితే ఎంత నీరో ఆ లెక్క), 24 గంటల మంచు, మొత్తం లోతు. స్నో లేక్ వైపు వెళ్ళేవాళ్ళకు ఆల్పెంటల్ స్కీ ఏరియాలో మూడు కేంద్రాలున్నాయి: కింద 3100 అడుగులు, మధ్యలో 4350, పైన 5470. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

ఉదాహరణకు ఒక రాత్రి పట్టిక ఇలా ఉందనుకోండి. సాయంత్రం 6కు పైన 24 డిగ్రీల ఫారెన్‌హీట్ (నీరు గడ్డకట్టేది 32 దగ్గర), కింద 27. గాలి సగటు 10 మైళ్ళు. అర్ధరాత్రికి పైన 29, గాలి 24, గంటకు 0.10 అంగుళం నీరు. తెల్లవారి 4కు పైన 33, కింద ఇంకా 29. గాలి 30, గంటకు 0.15 అంగుళం. మొత్తం నీరు 1.1 అంగుళం, మంచు 9 అంగుళాలు. దీన్ని ఇలా చదవాలి. మొదట పడ్డది చలిలో కురిసిన తేలిక మంచు, ఆ తర్వాత పడ్డది బరువు మంచు. అంటే తేలికదాని మీద బరువైనది, నాపరాయి తయారైంది. గాలి 20 దాటింది కాబట్టి శిఖరం అవతల ఈ 9 అంగుళాలు 9గా లేవు, రెట్టింపో అంతకంటే ఎక్కువో పేరుకుని ఉంటాయి. గంటకు 0.1 అంగుళం నీరు గంటల తరబడి పడిందంటే, మంచు లెక్కలో గంటకు అంగుళం చొప్పున, కింది పొరలకు సర్దుకునే వ్యవధి లేదు. పైన 33, కింద 29 అంటే పైన వెచ్చగాలి, కింద చలిగాలి. పై నుంచి వాన పడటం మొదలైతే కింద అది తాకగానే గడ్డకట్టే వాన అవుతుంది, పార్కింగ్ లాట్ అద్దంలా మారుతుంది. ఇదంతా పొద్దున 5 గంటలకు టీ మరిగేలోపు తెలుసుకోవచ్చు. ముందురోజు సాయంత్రం రాసిన ఫోర్‌కాస్ట్ ఇంత వేగంగా వేడెక్కుతుందని ఊహించి ఉండకపోవచ్చు. రంగు మారకపోయినా పట్టిక మారింది. రంగూ పట్టికా విభేదిస్తే పట్టికనే నమ్మాలి.

పట్టిక కూడా అబద్ధమాడుతుంది. తుఫానులో గాలి వేగం ఉన్నట్టుండి 0 చూపిస్తే గాలి ఆగిందని సంబరపడొద్దు. తేమ గాలి సెన్సర్‌ను తాకి గడ్డకట్టి అది తిరగడం ఆగిపోయి ఉంటుంది. పక్క కేంద్రం చూడండి, లేదా దిక్కు కాలమ్ గంటల తరబడి ఒకే అంకె దగ్గర బిగుసుకుపోయిందేమో చూడండి. వాన కొలిచే గిన్నె మూతి మీద మంచు టోపీలా కట్టుకుంటే గంటలపాటు సున్నా చూపించి, కరగగానే ఒక్కసారిగా పెద్ద అంకె చూపిస్తుంది. మంచు లోతు తగ్గితే కరిగిందనే అర్థం లేదు, తన బరువుకు తాను కుంగి ఉండొచ్చు.

దీనికి జోడీ మౌంటెన్ వెదర్ ఫోర్‌కాస్ట్. ఫోన్‌లో మామూలు వాతావరణ యాప్ స్నోక్వాల్మీ పాస్ అనగానే చూపించే అంకెతో దీన్ని పోల్చొద్దు. ఇందులో శిఖరాల మీది గాలి, 24 గంటల్లో పడబోయే నీరు, మంచు ఏ ఎత్తు దాకా పడుతుందో చెప్పే స్నో లెవెల్ ఉంటాయి. ఫ్రీజింగ్ లెవెల్‌కు (గాలి ఉష్ణోగ్రత 32 డిగ్రీలుండే ఎత్తుకు) సుమారు వెయ్యి అడుగుల కింది దాకా మంచు పడుతుంది, రెండూ ఒకటి కావు. పాస్‌లకు సంబంధించి ఈస్టర్లీ ఫ్లో అన్న మాట కనిపిస్తే దాని చుట్టూ గీత గీసుకోండి. కాస్కేడ్లకు తూర్పున చలిగాలి నిలవ ఉంటుంది. తుఫాను వచ్చేముందు ఆ గాలి పాస్ సందులోంచి పడమటికి కారుతుంది. అందువల్ల చుట్టూ వెచ్చగా ఉన్నా పాస్‌లో మంచే పడుతుంది. తుఫాను దాటగానే గాలి తిరిగి పడమర నుంచి వీస్తుంది, గంటలోపు మంచు వానగా మారుతుంది. కొత్త మంచు మీద వాన పడ్డ ఆ మొదటి గంటల్లోనే కొండలన్నీ ఒక్కసారిగా జారతాయి. 1910 మార్చి 1న స్టీవెన్స్ పాస్ దగ్గర వెల్లింగ్టన్‌లో రెండు రైళ్ళను లోయలోకి తోసి 96 మందిని చంపినది కూడా రోజుల తరబడి పడ్డ మంచు మీద వెచ్చటి వాన పడ్డాక విరిగిన చరియే. అమెరికా చరిత్రలో అంతకంటే ఎక్కువ మందిని చంపిన మంచుచరియ లేదు.

అబ్జర్వేషన్స్ విభాగంలో ఫోర్‌కాస్టర్లతోపాటు మామూలు జనం కూడా ఫొటోలతో రాస్తారు. మీరు వెళ్ళే వాలు దిక్కు, ఎత్తు సరిపోలే రిపోర్టు గత రెండు మూడు రోజుల్లో ఉందేమో వెతకండి. వెతకాల్సిన మాటలు మూడే: అవలాంచ్, క్రాకింగ్, కొలాప్సింగ్. కొలాప్సింగ్ అంటే అడుగు వేయగానే కింద "వుఫ్" మని మంచు కుంగిన చప్పుడు, లోపల బలహీనమైన పొర నలిగిన చప్పుడు. ఏమీ రిపోర్టు కాలేదంటే ఏమీ జరగలేదని కాదు, ఆ వైపు ఎవరూ వెళ్ళలేదని కావచ్చు. హైకింగ్ సైట్లలోని ట్రిప్ రిపోర్టులు దీనికి బదులు కావు. "దారి సూపర్, పిల్లలతో వెళ్ళాం" అని రాసింది నాలుగు రోజుల కిందటి మంచు గురించి.

లోటుపాట్లు చెప్పుకోవాలంటే మొదటిది కొలత. జోన్ అంటే వందల చదరపు మైళ్ళు. ఆ రంగు మీ ట్రయిల్‌ది కాదు. పేజీ ఆ మాట చెబుతుంది కానీ చిన్న అక్షరాల్లో. మీ ట్రయిల్ లెక్క మీరే వేసుకోవాలి, దానికి ఎన్‌వాక్‌తో పని లేదు, వాలు కోణాలు రంగుల్లో చూపే మ్యాప్ కావాలి. కాల్‌టోపో అనే మ్యాప్ సైట్‌లో స్లోప్ యాంగిల్ షేడింగ్ ఆన్ చేస్తే 27 డిగ్రీల నుంచి పసుపు మొదలవుతుంది. స్లాబ్‌లు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 మధ్య. దారి మీది రంగు చూసి సరిపెట్టుకోవద్దు, దారికి పైన ఏముందో చూడండి. గోల్డ్ క్రీక్ పాండ్ చుట్టూ తిరిగే దారి చదును. స్నో లేక్ వేసవి దారి కూడా చాలా మేర పెద్ద ఏటవాలు కాదు, కానీ పై కొండల నుంచి మంచుచరియలు దిగే దారులను వరసగా అడ్డంగా దాటుతుంది. అక్కడ కొమ్మలు ఒకే వైపు విరిగిన చెట్లు, పొదలు తప్ప చెట్లే లేని పట్టీలు కనిపిస్తే అవి కొండ వేసుకున్న రోడ్లు. టీ తాగడానికి ఆగేది వాటిలో కాదు. మ్యాప్‌కు కూడా పది పదిహేను అడుగుల చిన్న గట్టు కనపడదు, సైజు 1కి అది చాలు.

రెండోది కాలం. సాయంత్రం రాసినది మర్నాడు సాయంత్రం దాకా నడుస్తుంది. తుఫాను ముందుగానో ఆలస్యంగానో వస్తే పేజీ వెనకబడుతుంది. ఏప్రిల్ మధ్యలో రోజువారీ ఫోర్‌కాస్ట్ ఆగిపోతుంది, కొండ మీద మంచు జూన్ దాకా ఉంటుంది. ఆ తర్వాత జోన్లు బూడిదరంగులో "నో రేటింగ్" అని కనిపిస్తాయి. దాన్ని ఆకుపచ్చ కంటే మంచిదని చదివేవాళ్ళున్నారు. అది "ఎవరూ కొలవడం లేదు" అన్న రంగు.

మూడోది, ఫోర్‌కాస్ట్‌లో లేనిది. పెద్ద చెట్ల మొదలు చుట్టూ కొమ్మల కింద వదులు మంచుతో గోతులు ఏర్పడతాయి, ట్రీ వెల్ అంటారు. అందులోకి తలకిందులుగా పడితే మనిషి తనంతట తాను బయటికి రాలేడు. ఆకుపచ్చ రోజున కూడా అది అలాగే ఉంటుంది. మంచు ఎక్కువ పడ్డ వారంలో పిల్లల్ని చెట్లకు దూరంగా నడిపించండి.

చదివే వరస ఇలా పెట్టుకుంటే పావుగంట పని. ముందురోజు రాత్రి జోన్, మూడు ఎత్తుల రంగులు, ప్రాబ్లమ్, చక్రం. తర్వాత మ్యాప్‌లో మీ దారి పైనున్న వాలులు ఏ దిక్కుకు ముఖం పెట్టాయో చూసి చక్రంతో కలపండి. కలిస్తే అక్కడితో ఆపి వేరే దారి వెతకండి, తెల్లారాక చూద్దాం అనొద్దు. కలవకపోతే పొద్దున్నే టెలిమెట్రీ: రాత్రి 12 అంగుళాలకు మించి మంచు పడిందా, గాలి 20 దాటిందా, ఉష్ణోగ్రత 32 దాటిందా. ఒక్కటి అవునన్నా గోల్డ్ క్రీక్ లాంటి చదును చోటికి మార్చుకోండి. పాస్ దగ్గర మంచుచరియలను పేల్చి దించడానికి ఐ-90 ఆపారని వార్త వస్తే ఇక టెలిమెట్రీ కూడా చూడనక్కర్లేదు.

ఇండియా వెళ్ళి హిమాలయాల్లో ట్రెక్ చేద్దామనుకునేవాళ్ళు ఇలాంటి పేజీయే అక్కడా ఉంటుందని వెతుకుతారు. అక్కడ డీఆర్‌డీఓ కింద చండీగఢ్‌లో ఉన్న డీజీఆర్ఈ అనే సంస్థ హెచ్చరికలు ఇస్తుంది. అవి ఎక్కువగా జిల్లాలవారీగా, ఫలానా మీటర్ల ఎత్తు పైన ఫలానా స్థాయి ప్రమాదం అన్న రూపంలో జనానికి చేరతాయి. ప్రాబ్లమ్ రకం, దిక్కుల చక్రం అలవాటైన కంటికి అవి చాలవు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా రోడ్డు మీద మంచుచరియ కింద ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. వాళ్ళున్నది శిఖరం మీద కాదు, కార్లు తిరిగే రోడ్డు పక్కన. జిల్లా హెచ్చరిక ఉన్నప్పుడు ఏటవాలు కింద బండి ఆపకూడదన్న ఒక్క నియమం అయినా పట్టుకెళ్ళండి.

యాప్ సంగతి క్లుప్తంగా. ఏవీ అనే ఉచిత యాప్‌లో ఇదే ఫోర్‌కాస్ట్, టెలిమెట్రీ, అబ్జర్వేషన్స్ ఉంటాయి. ఫోన్‌లో చదవడానికి సైట్ కంటే హాయి. పాస్ దాటి లోపలికి వెళితే సిగ్నల్ పోతుంది, కాబట్టి ఇంట్లోనే తెరిచి ప్రాబ్లమ్ పేజీకి స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఏటవాలుల్లోకి వెళ్ళే బృందమైతే ఒక్కొక్కరి దగ్గరా బీకన్ (పూడుకుపోయినవాళ్ళ జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడుగాటి కడ్డీ), పార ఉండాలి, వాడటం వచ్చుండాలి. పూర్తిగా పూడుకుపోయిన మనిషి బతికే అవకాశాలు మొదటి పది పదిహేను నిమిషాల తర్వాత నిలువునా పడిపోతాయి, బయటినుంచి సాయం అంతలోపు రాదు. ఇక్కడే యాప్ కూడా అడ్డమొస్తుంది: బీకన్ 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, పక్కన ఫోన్, స్మార్ట్‌వాచ్, బ్యాటరీ గ్లవ్స్ ఉంటే సిగ్నల్ చెదురుతుంది. నడిచేటప్పుడు వాటిని బీకన్‌కు కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. బీకన్ ఛాతీ మీద కట్టుకుంటే ఫోన్ ప్యాంటు జేబులోనో బ్యాగు అడుగునో ఉండాలి. జాకెట్ పై జేబులో వద్దు, ఫోర్‌కాస్ట్ ఇంకోసారి చూసుకోవడానికి అది ఎంత వీలుగా ఉన్నా సరే.